బల్ల ముందు టైటస్

రెంబ్రాంట్ తన కొడుకు టైటస్‌ను రాతబల్ల ముందు కూర్చోబెట్టి వేసిన తైలవర్ణ చిత్రం 1655 నాటిది. ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 63. ఇప్పుడది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో బోయ్‌మాన్స్ వాన్ బ్యోనింగెన్ మ్యూజియం సొత్తు. ఐరోపా చిత్రకారులు తమ ఇంటివాళ్లను వేసిన బొమ్మలు వందల్లో ఉన్నాయి. తండ్రి చూపు, చిత్రకారుడి చూపు విడదీయలేనంతగా కలిసిపోయినవి వాటిలో కొన్నే. ఆ కొన్నింటిలో దీన్ని ముందు వరసలో చెప్పాలి.

బొమ్మ కింది సగంలో చాలా భాగం బల్లే. చూసేవాళ్ల వైపున్న దాని చెక్క పలక అడ్డుగోడలా నిలిచి ఉంటుంది. పై అంచున కాగితాలు, ఆ కాగితాల వెనక కుర్రవాడు. కుడిచేతిలో కలం ఉంది గాని రాయడం లేదు. ఆ చేతి బొటనవేలు గడ్డానికి ఆనించి ఏదో ఆలోచిస్తున్నాడు. ఎడమచేతిలోంచి కలందాను, సిరాబుడ్డి బల్ల అంచు మీదుగా కిందికి వేలాడుతున్నాయి. కళ్లు ఎవరినీ చూడడం లేదు. రాయబోయే మాట కోసం వెతుక్కునే పిల్లల చూపు ఎలా ఉంటుందో అలా ఉంది. అప్పటికి టైటస్‌కు 14 ఏళ్లు నిండుతున్నాయి, కానీ బొమ్మలోని ముఖం పదేళ్ల పసివాడిలా ఉంటుంది. ఈ తేడాను చాలామంది పరిశీలకులు గుర్తించారు. ఎదిగిన కొడుకును ఎదుట కూర్చోబెట్టుకుని, తన మనసులో ఉండిపోయిన చిన్నవాడిని తండ్రి వేశాడని అనుకోవడంలో తప్పులేదు.

ముఖాన్ని మెత్తగా, వెలుగునీడల మధ్య హద్దు తెలియకుండా దిద్దిన చేయి, బల్ల దగ్గరికి వచ్చేసరికి తీరు మార్చుకుంది. అక్కడ రంగు మందంగా ఉంది. రంగులు కలిపే కత్తితో సాగదీసి, గీరి, వదిలేసిన జాడలు అలాగే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూస్తే అది గోధుమరంగు పూత మాత్రమే. నాలుగడుగులు వెనక్కి వస్తే ఏళ్ల తరబడి వాడి అరిగిన చెక్క అవుతుంది. ఒక పెద్దమనిషి డబ్బిచ్చి వేయించుకునే బొమ్మలో ఇంత భాగాన్ని ఒక చెక్క పలకకు వదిలిపెట్టడం కుదరని పని.

కుటుంబసభ్యులను వేయడం రెంబ్రాంట్‌తో మొదలైంది కాదు. జర్మనీలో ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో తన తల్లిని బొగ్గుతో గీశాడు. ఎముకలు తేలిన ముఖం, ముడతలు పడిన నుదురు. ఆమె ఆ తర్వాత రెండు నెలలకే చనిపోయింది. హాన్స్ హోల్బైన్ 1528-29 ప్రాంతంలో బాసెల్‌లో భార్యనూ ఇద్దరు పిల్లలనూ కాగితం మీద తైలవర్ణాలతో వేశాడు. భర్త ఇంగ్లండ్‌లో ఉండగా ఇల్లు నెట్టుకొచ్చిన ఆ తల్లి కళ్లలో అలసట దాగలేదు. ఆంట్‌వెర్ప్‌లో పీటర్ పాల్ రూబెన్స్ 1616 ప్రాంతంలో అయిదేళ్ల కూతురు క్లారా సెరీనాను బుగ్గల మీద వెలుగుతో సహా చిన్న కాన్వాసు మీద నిలిపాడు. ఆ పాప 12 ఏళ్లకే పోయింది. ఇవేవీ ఎవరో డబ్బిచ్చి వేయించుకున్నవి కావు, అమ్మకానికి వేసినట్టూ కనిపించవు. అందుకే వీటిలో దర్జా దుస్తులు, వంశచిహ్నాలు, చేతికి పెట్టిన ఉంగరాల ఆర్భాటం ఉండవు.

వేయించుకునేవాడు ఎదుట ఉంటే పని ఎలా సాగేదో రెంబ్రాంట్ జీవితంలోనే ఒక తగాదా చెబుతుంది. 1654 ఫిబ్రవరిలో దియేగో ద అంద్రాదా అనే పోర్చుగీసు యూదు వర్తకుడు, తాను వేయించిన ఒక అమ్మాయి బొమ్మలో పోలిక రాలేదని ఫిర్యాదు చేశాడు. అప్పటికే 75 గిల్డర్లు బయానా ఇచ్చి ఉన్నాడు. బొమ్మను సరిదిద్దాలి, లేదంటే డబ్బు తిరిగి ఇవ్వాలి అన్నది అతడి పట్టు. మిగతా సొమ్ము చేతిలో పడేదాకా కుంచె ముట్టనని, పోలిక సంగతి చిత్రకారుల సంఘం పెద్దలు తేలుస్తారని రెంబ్రాంట్ జవాబు. మరుసటి ఏడాది టైటస్‌ను బల్ల ముందు వేసినప్పుడు పోలిక గురించి అడిగేవాడు లేడు, ఇన్ని రోజుల్లో కావాలనేవాడూ లేడు. ఆ బొమ్మలోని స్వేచ్ఛకు మూలం అదే.

రెంబ్రాంట్ వాన్ రైన్ 1606లో లైడెన్‌లో పుట్టాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో ఫ్రీస్లాండ్‌కు చెందిన పెద్ద కుటుంబపు ఆడపిల్ల సాస్కియాను 1634లో పెళ్లాడాడు. నిశ్చితార్థమైన మూడో రోజున, 1633 జూన్ 8న, పూల టోపీ పెట్టుకున్న ఆమెను వెండి ములుకుతో తోలు కాగితం మీద గీసి, ఆ వివరమంతా కిందే రాసుకున్నాడు. ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న ఆ చిన్న రేఖాచిత్రం ఆ ఇంటి బొమ్మలన్నిటికీ తొలి పుట లాంటిది. 1639లో దంపతులు బ్రేస్ట్రాట్ వీధిలో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నారు. సొమ్మంతా ఒకేసారి కట్టలేదు. ఆ బాకీయే తర్వాత మెడకు చుట్టుకుంది.

మొదటి ముగ్గురు పిల్లలు పసిగుడ్డులుగానే పోయారు. నాలుగోవాడు టైటస్. 1641 సెప్టెంబర్ 22న అతడికి బాప్తిస్మం ఇప్పించారు. సాస్కియా అక్కచెల్లెళ్లలో ఆ ఏడాదే చనిపోయిన టిటియా పేరే పిల్లవాడికి పెట్టారు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండుతుండగా, 1642 జూన్ 14న సాస్కియా కన్నుమూసింది. రెంబ్రాంట్ పేరు ఎక్కువగా మోసిన ‘నైట్ వాచ్’ పూర్తయిన ఏడాది కూడా అదే.

పోయే ముందు సాస్కియా రాసిన వీలునామా టైటస్ జీవితాన్ని నడిపించింది. ఉమ్మడి ఆస్తిలో తన సగం కొడుక్కి రాసి, దాన్ని అనుభవించే హక్కు భర్తకు ఇచ్చింది. అనాథ పిల్లల ఆస్తుల లెక్కలు చూసే నగర అధికారుల దగ్గరికి అతడు వెళ్లక్కర్లేదని కూడా రాసింది. అది నమ్మకం. షరతు ఒకటే: మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ హక్కు పోతుంది. సాస్కియా బంధువులు కొన్నేళ్లకు, 1647లో, లెక్క అడిగితే ఉమ్మడి ఆస్తి 40,750 గిల్డర్లని తేలింది. అంటే టైటస్ వాటా 20,375. పసివయసులోనే ఆ పిల్లవాడు కాగితాల మీద తండ్రికి పెద్ద అప్పులవాడయ్యాడు.

తల్లి లేని బిడ్డను సాకడానికి గేర్త్యా డిర్క్స్ అనే విధవరాలు ఆ ఇంటికి వచ్చింది. 1648లో రాసిన వీలునామాలో ఆమె తన సొత్తులో చాలాభాగం టైటస్‌కే పెట్టింది. ఆ సొత్తులో రెంబ్రాంట్ ఇచ్చిన సాస్కియా నగలూ ఉన్నాయి. మరుసటి ఏడాది ఆమెకూ రెంబ్రాంట్‌కూ చెడింది. పెళ్లి మాట ఇచ్చి తప్పాడని ఆమె కోర్టుకెక్కింది, ఏటా 200 గిల్డర్ల భరణం సంపాదించుకుంది. 1650లో ఆమెను గౌడా పట్టణంలోని స్త్రీల నిర్బంధాలయానికి పంపించడంలో రెంబ్రాంట్ చేయి ఉంది. అయిదేళ్లు ఆమె అక్కడే గడిపింది. కొడుకు బొమ్మలోని లాలిత్యం గురించి చెప్పేవాళ్లు ఈ సంగతినీ దాచకుండా చెప్పాలి. ఆ కొడుకును పెంచిన చేతులు ఆమెవి.

గేర్త్యా వెళ్లిపోయాక ఆ ఇంట్లో హెండ్రిక్యా స్టాఫెల్స్ ఉంది. 1654లో గర్భవతిగా ఉన్న ఆమెను చర్చి పెద్దలు పిలిచి, పెళ్లి లేకుండా చిత్రకారుడితో కాపురం చేస్తున్నందుకు మందలించి ప్రభుభోజనానికి దూరం పెట్టారు. ఆ అక్టోబర్‌లో కూతురు కొర్నేలియా పుట్టింది. రెంబ్రాంట్ హెండ్రిక్యాను పెళ్లి చేసుకోకపోవడానికి సాస్కియా వీలునామాలోని షరతే ముఖ్య కారణమని చరిత్రకారులు ఎక్కువమంది భావిస్తారు.

బల్ల ముందు టైటస్ బొమ్మ తయారవుతున్నప్పుడు ఇల్లు నిలబడే స్థితిలో లేదు. 1652-54 మధ్య ఇంగ్లండ్‌తో జరిగిన సముద్రయుద్ధం ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారాన్ని దెబ్బతీసింది. ఇల్లు అమ్మినవాడు వడ్డీతో సహా 8,470 గిల్డర్ల బాకీ కట్టమని పట్టుబట్టాడు. రెంబ్రాంట్ 1653లో కొర్నెలిస్ విట్సెన్ దగ్గర 4,180, ఐజాక్ వాన్ హెర్ట్స్‌బేక్ దగ్గర 4,200, మిత్రుడు యాన్ సిక్స్ దగ్గర 1,000 గిల్డర్లు తెచ్చాడు. పాత అప్పు తీరకముందే కొత్త అప్పులు మీద పడ్డాయి. 1656 మేలో ఇంటిని టైటస్ పేరుకు మార్చాడు. జూలైలో దివాలా ప్రకటించాడు. కొడుకు హక్కును కాపాడుకునే ప్రయత్నంగానూ, అప్పులవాళ్ల నుంచి ఇంటిని తప్పించే ఎత్తుగానూ దీన్ని చదవవచ్చు. రెండూ నిజమే కావచ్చు.

దివాలా అధికారులు 1656 జూలై 25, 26 తేదీల్లో గది గదీ తిరిగి రాసిన జాబితాలో 363 పద్దులున్నాయి. రాఫెల్, రూబెన్స్ వంటి పేర్ల మధ్య, శిల్పాలు, గవ్వలు, ఆయుధాల మధ్య, టైటస్ వాన్ రైన్ వేసినవంటూ కూడా కొన్ని పద్దులు కనిపిస్తాయి: ఒక మరియమ్మ తల, ఒక పుస్తకం, ఎదుట పెట్టుకుని వేసిన మూడు కుక్కపిల్లలు. ఇవి ఏమయ్యాయో ఆచూకీ లేదు గాని, రాతబల్ల ముందు కూర్చున్న కుర్రవాడు బొమ్మలు కూడా వేసేవాడని వీటివల్ల తెలుస్తోంది.

ఆ జాబితాలోనే సూక్ష్మచిత్రాల సంపుటం ఒకటుంది. అందులో మొగలాయి చిత్రాలు ఉండి ఉంటాయని పండితుల ఊహ. డచ్ ఈస్టిండియా కంపెనీకి మచిలీపట్నం, పులికాట్, సూరత్‌లలో కోఠీలుండేవి. అద్దకపు బట్టలూ సుగంధద్రవ్యాలూ చేరే ఆమ్‌స్టర్‌డామ్‌కు హిందుస్థానీ చిత్రాలూ చేరేవి. వాటిని ఎదుట పెట్టుకుని రెంబ్రాంట్ ఆసియా కాగితం మీద గీసిన రేఖాచిత్రాలు ఇరవైకి పైగా మిగిలాయి. 1656-61 మధ్య కాలానివిగా భావించే వాటిలో ఒకటి షాజహాన్‌నూ అతడి కొడుకు దారా షికోనూ కలిపి చూపుతుంది. అది ఇప్పుడు లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. టైటస్‌ను మళ్లీ మళ్లీ వేస్తున్న ఏళ్లలోనే వేల మైళ్ల అవతలి తండ్రీకొడుకుల మీద ఈ చిత్రకారుడి చూపు పడింది.

టైటస్ ఆధారమనుకునే బొమ్మలు 1655 తర్వాత వరసగా వచ్చాయి. వియెన్నా కళాచరిత్ర మ్యూజియంలోని బొమ్మలో అతడు చేతుల్లో పుస్తకం పట్టుకుని చదువుతున్నాడు. వెలుగు పుట మీద పడి ముఖం మీదికి ఎగసినట్టుంటుంది, పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. బయటికి చదువుతున్నాడేమో అనిపిస్తుంది. లండన్‌లోని వాలెస్ సేకరణలో 1657 ప్రాంతపు బొమ్మ ఉంది. అందులో ఎర్ర టోపీ, గోధుమరంగు దుస్తులు, మెడలో గొలుసు. బాల్యం వెళ్లిపోయింది, యవ్వనం ఇంకా కుదురుకోలేదు. చూపు సూటిగా ఉంటుంది. దివాలా తర్వాతి ఆ నెలల్లో ఇంటి బరువు ఎవరి మీద పడిందో ఆ ముఖం చూస్తే తెలుస్తుందని ఎవరైనా అంటే కాదనలేం. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలోని 1660 నాటి బొమ్మలో అతడు సన్యాసి అంగీ వేసుకుని, తల మీద ముసుగుతో, కళ్లు దించుకుని ఉన్నాడు. అస్సీసీకి చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ వేషం అది కావచ్చు.

ఈ చివరిది ఒక చిక్కును ముందుకు తెస్తుంది. ఎదుట ఉన్న మనిషిని చూసి ముఖాన్ని, వేషాన్ని, భావాన్ని పట్టుకుని, పేరు పెట్టకుండా అమ్మే బొమ్మలను డచ్ చిత్రకారులు ట్రోనీలు అనేవారు. వృద్ధులు, సైనికులు, తలపాగాల తురుష్కులు, అందగత్తెలు, ఎవరైనా సరే. అలాంటి బొమ్మలకు మనిషిని కూర్చోబెట్టాలంటే డబ్బివ్వాలి. ఇంట్లోవాళ్లు ఊరికే కూర్చుంటారు. టైటస్ బొమ్మలు వ్యక్తిచిత్రాలా, వేషచిత్రాలా అన్నది ఇప్పటికీ తెగని ప్రశ్న. వీటిలో ఏదీ టైటస్ పేరుతో ఆనాటి పత్రాల్లో నమోదై లేదు. వయసు, తేదీలు, ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య ముఖకవళికలు, ఈ మూడింటి మీదే గుర్తింపంతా ఆధారపడి ఉంది. అయినా అయిదారేళ్లలో ఒకే ముఖం పిల్లవాడి నుంచి యువకుడిగా మారుతూ కనిపించడం యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం.

1657లో, పదహారేళ్ల వయసులో టైటస్ వీలునామా రాశాడు. హెండ్రిక్యానూ చెల్లెలు కొర్నేలియానూ వారసులుగా పెట్టి, ఆస్తిని అనుభవించే హక్కు తండ్రికి ఇచ్చాడు. తల్లి వైపు బంధువులకు ఏమీ చెందకుండా జాగ్రత్తపడ్డాడు. ఆ మాటల వెనక తండ్రి సలహా ఉండకపోదు, కానీ సంతకం కొడుకుది. 1658లో ఇల్లు 11,218 గిల్డర్లకు వేలంలో పోయింది. సేకరణలోని వస్తువులు ఆశించినదానికి చాలా తక్కువ పలికాయి. కుటుంబం యోర్డాన్ పేటలోని రోజెన్‌గ్రాఖ్ట్ కాలువ వీధిలో అద్దె ఇంటికి మారింది.

దివాలా తీసినవాడు సొంత పేరు మీద బొమ్మల వ్యాపారం చేయకూడదన్న చిత్రకారుల సంఘం నియమం అడ్డొచ్చింది. దానికి విరుగుడుగా 1660 డిసెంబర్ 15న టైటస్, హెండ్రిక్యా కలిసి వ్యాపార భాగస్వామ్య పత్రం రాయించుకున్నారు. చిత్రాలు, ముద్రణ రాగిరేకులు, అరుదైన వస్తువుల అమ్మకం అంతా వాళ్లిద్దరి పేరు మీద జరుగుతుంది. రెంబ్రాంట్ సలహాదారు, వాళ్ల తిండీ బసా మీద ఉండేవాడు. టైటస్ నుంచి 950, హెండ్రిక్యా నుంచి 800 గిల్డర్లు తీసుకున్నానని, బొమ్మలమ్మి తీరుస్తానని ఒప్పుకున్నాడు. ఐరోపాలో తన కాలపు పెద్ద చిత్రకారుడు 19 ఏళ్ల కొడుకు దగ్గర పనివాడయ్యాడు. సాస్కియా తన నమ్మకాన్ని అప్పగించిన మనిషిని కాపాడింది ఆమె కొడుకే.

హెండ్రిక్యా 1663 జూలైలో, ప్లేగు రోజుల్లో చనిపోయింది. 1665లో టైటస్ తండ్రి కోసం పని వెతుకుతూ, వైద్య పండితుడు యాన్ ఆంటోనిడెస్ వాన్ డెర్ లిండెన్ బొమ్మను రాగిరేకు మీద చెక్కించుకొమ్మని లైడెన్ ప్రచురణకర్తను ఒప్పించాడు. అది రెంబ్రాంట్ చివరి ముద్రణ వ్యక్తిచిత్రం. అదే ఏడాది టైటస్‌ను చట్టం దృష్టిలో మేజరుగా ప్రకటించారు. ఇల్లమ్మిన సొమ్ములోంచి హెర్ట్స్‌బేక్ తీసుకున్న 4,200 గిల్డర్లను తిరిగి ఇవ్వాలని, తల్లి ఆస్తి మీద కొడుకు హక్కుకే ప్రాధాన్యమని అంతకుముందే కోర్టు తేల్చింది. చివరికి టైటస్‌కు దక్కింది 6,952 గిల్డర్లు, 1647 నాటి లెక్క ప్రకారం రావలసిన దానిలో మూడోవంతు.

1668 ఫిబ్రవరిలో టైటస్ వెండి పనివాడి కూతురు మాగ్దలేనా వాన్ లోను పెళ్లి చేసుకున్నాడు. ఆ సెప్టెంబర్‌లోనే కన్నుమూశాడు. వయసు 27 నిండలేదు. సెప్టెంబర్ 7న వెస్టర్‌కెర్క్ చర్చిలో పూడ్చిపెట్టారు. సాస్కియా సమాధి స్థలాన్ని డబ్బు అవసరమై రెంబ్రాంట్ 1662లోనే అమ్ముకున్నాడు గనుక తల్లి పక్కన చోటు లేదు. 1669 మార్చిలో టైటస్ కూతురు టిటియా పుట్టింది. ఆ పాప బాప్తిస్మానికి తాత రెంబ్రాంట్ ధర్మపితగా నిలబడ్డాడు. అక్టోబర్ 4న అతడూ పోయాడు, ఆ నెలలోనే మాగ్దలేనా కూడా. కొర్నేలియా మాత్రం 1670లో చిత్రకారుడు కొర్నెలిస్ సూట్‌హోఫ్‌ను పెళ్లాడి, డచ్‌వాళ్ల బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు వెళ్లింది. అక్కడ పుట్టిన మొదటి కొడుక్కి రెంబ్రాంట్ అని పేరు పెట్టుకుంది.

బొమ్మలు ఇల్లు విడిచి ఊళ్లు తిరిగాయి. వాలెస్ సేకరణలోని బొమ్మ డచ్ రాజు రెండో విల్లెమ్ సేకరణ నుంచి 1850 వేలంలో ఇంగ్లండ్ చేరింది. సన్యాసి వేషం రష్యాలో స్ట్రోగనోవ్ కుటుంబం దగ్గరుండి, విప్లవం తర్వాత సోవియట్ ప్రభుత్వం అమ్మితే 1933లో ఆమ్‌స్టర్‌డామ్‌కు తిరిగి వచ్చింది. బల్ల ముందు టైటస్ ఇంగ్లండ్‌లోని క్రాఫర్డ్ ప్రభువుల ఇంటి నుంచి, రెంబ్రాంట్ సంఘమూ మ్యూజియం మిత్రులూ చేతులు కలపగా, రెండో ప్రపంచయుద్ధ కాలంలో రోటర్‌డామ్ మ్యూజియం చేతికి వచ్చింది. 1965 మార్చి 19న లండన్‌లో క్రిస్టీస్ వేలంలో రెంబ్రాంట్ వేసిన మరో బాలుడి బొమ్మ అమ్ముడుపోయింది. దాన్ని కొనదలచిన అమెరికా పారిశ్రామికవేత్త నార్టన్ సైమన్, తాను ఎప్పుడు కూర్చుంటే పాడినట్టు, ఎప్పుడు నిలబడితే మానినట్టు అన్నది వేలం సంస్థతో ముందుగానే రాసుకున్నాడు. వేలం పాటగాడు పొరపాటు పడి 7,00,000 గినీలకు మరొకరికి ఖాయం చేశాడు. సైమన్ ఒప్పందం చదివి వినిపించి పాటను మళ్లీ తెరిపించాడు. చివరికి 7,60,000 గినీలకు, అంటే 7,98,000 పౌండ్లకు దక్కించుకున్నాడు. కాలిఫోర్నియాలోని పసడీనాలో అతడి పేరిట ఉన్న మ్యూజియంలో ఆ చిత్రాన్ని ఇప్పుడు ‘బాలుడి చిత్రం’ అంటారు. టైటస్ అయి ఉంటాడన్న మాటను ఊహగానే చేరుస్తారు.